పడమటి కిటికీ వెలుతురు

కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి బొమ్మ కనబడితే మీరు ముందు ఏం వెతుకుతారు? నిజం చెప్పండి. ఆమె ఎవరికోసం కూర్చుందో వెతుకుతారు. వెలుతురు ఎటునుంచి పడుతోందో, ఆమె చేతులు ఎలా ఉన్నాయో తర్వాత చూస్తారు, అప్పటికి మీకు ఓపిక మిగిలితే. మా ఇంట్లో అందరం అలాగే చూశాం. ఆ చూపు ఒక మనిషి జీవితాన్ని మింగేసింది. అందులో నా వాటా ఎంతో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నిన్న మా అపార్ట్‌మెంటు మెట్ల రెయిలింగుకి రంగులు వేయిస్తుంటే టర్పెంటైన్ వాసన తలుపు సందులోంచి లోపలికొచ్చింది. ఆ వాసన తగిలితే నాకు పదకొండేళ్లు వచ్చేస్తాయి. జూబ్లీహిల్స్ అప్పుడింకా కొండే. రోడ్డుకి అటు ఒక మేడ, ఇటు ఒక మేడ, మధ్యలో లారీ అంత బండరాళ్లు, బండల సందుల్లో సీతాఫలం చెట్లు, వాటి కింద ఎండిన ముళ్ల మధ్య తొండలు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఫిలింనగర్ వైపు ఈల వినబడేది, ఎవరో ఎర్రగుడ్డ ఊపేవాళ్లు, తర్వాత బండ పేలిన చప్పుడుకి వంటింట్లో గిన్నెలు గల్లుమనేవి, సన్నటి తెల్లదుమ్ము వచ్చి ఆరేసిన వడియాల మీద వాలేది. నాయనమ్మ ఆ దుమ్ముని వేలితో తీసి చూసి, పక్కింటివాళ్లు కావాలనే ఇటు దులిపారని తేల్చేది.

నాన్న సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు. పరిశ్రమ మద్రాసునుంచి వస్తుంటే దాని వెనకే తెనాలి నుంచి మేమూ వచ్చాం, ఒక పెద్దాయన మేడ వెనక రెండు గదులూ పైన ఒక గదీ అద్దెకి తీసుకుని. ఆ కొండ మీద ఎవరూ ఎవరినీ నమ్మేవాళ్లు కాదు. కథ ఎవరు ఎత్తుకుపోతారో, హీరోల డేట్లు ఎవరు తన్నుకుపోతారో అన్న భయంలో బతికేవాళ్లు. ఆ భయానికి సెంటిమెంటు అని పేరు పెట్టుకున్నారు. సినిమా పోతే వాస్తు చూసి గేటుని మార్చేవాళ్లు, గేటు మార్చినా పోతే మేనేజర్ని మార్చేవాళ్లు. కథ బాగాలేదేమోనన్న అనుమానం తప్ప అన్ని అనుమానాలూ వచ్చేవి వాళ్లకి. నాయనమ్మకి ఆ గాలి బాగా పడింది. గుమ్మంలో చెప్పులు చూసి ఎవరొచ్చారో, కడగడానికి వేసిన గ్లాసుల్ని చూసి ఎంతసేపు కూర్చున్నారో చెప్పేది. ఆమె చెప్పింది చాలాసార్లు నిజమయ్యేది కూడా. అదే అసలు ప్రమాదం.

పైగదిలో విమలత్త ఉండేది, నాన్న చెల్లెలు. పెళ్లయిన ఏడాదిలోపే ఒక ట్రంకుపెట్టెతో తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు; ఎవరికి తోచిన కారణం వాళ్లు అనుకుని ఊరుకున్నారు. నాన్నే ఒకసారి గొంతు పరీక్షకి తీసుకెళ్తే ఆమె డబ్బింగు కళాకారిణి అయింది. తెర మీద పరాయి రాష్ట్రపు హీరోయిన్ పెదాలు కదిలిస్తుంటే చీకట్లో నిలబడి మా అత్త ఏడ్చేది, నవ్వేది, ‘నన్ను వదిలి వెళ్లొద్దు’ అనేది. ఇంటికొచ్చి వేడినీళ్లలో ఉప్పేసి పుక్కిలించి, గొంతుకి తువ్వాలు చుట్టుకుని, రెండు మూడు మాటలు మాట్లాడి పడుకునేది. నాకు మాత్రం పొద్దున్నే జడ వేస్తూ అన్ని గొంతులూ వినిపించేది. జడ పూర్తయ్యేసరికి నేను ముసలి రాణిమాటా, దొంగ మాటా, పాలు తాగనంటున్న దూడ మాటా వినేసేదాన్ని. నా పాలగ్లాసు ఆమె కాఫీగ్లాసు పక్కనే కిటికీ అరుగు మీద ఆవిర్లు కక్కుతూ ఉండేది.

ఆదివారాలు నాన్న నన్ను స్టూడియోకి తీసుకెళ్లేవాడు. అక్కడికొచ్చే పిల్లలం, మాకు రెండు వినోదాలు. ఒకటి, ఎడిటింగు గది బయట చెత్తలో దొరికే ఫిలిం ముక్కలు. కాలిపోయిన బల్బులో నీళ్లు నింపి, అద్దంతో ఎండ మళ్లించి, దుప్పటి కట్టిన గదిలో గోడ మీద సినిమా వేసేవాళ్లం. ముక్కని తిరగేసి పెడితే హీరో ఎడమచేత్తో కత్తి దూసేవాడు, అంగడి బోర్డు మీద అక్షరాలు వెనక్కి నడిచేవి. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. రెండోది, యాదగిరి మామ.

యాదగిరి మామది రహమత్‌నగర్. సీనరీ తెరలు వేసేవాడు. ఇరవై అడుగుల గుడ్డ నేలమీద పరిచి, చెప్పులు విప్పి దానిమీదే నడుస్తూ, కర్రకి కట్టిన కుంచెతో కొండలూ, మబ్బులూ, రాజమహళ్లూ దించేవాడు. ఉడికించిన బంక వాసన, తడి గుడ్డ వాసన, ఆయన చెవిలో బీడీ వాసన కలిసి ఆ షెడ్డుకి ఒక వాతావరణం ఉండేది. ఏ తెరమీదా మనిషి ఉండడు. అడిగితే, మనుషులు తెర ముందర నిలబడతారు కదా, వెనకాల ఇంకో మనిషి ఎందుకన్నాడు. అన్నాడేగానీ గుడ్డ అంచున, మేకులు కొట్టే చోట, ఎవరికీ కనబడకుండా చిన్న చిన్న ముఖాలు గీసి మళ్లీ చెరిపేసేవాడు.

బొమ్మ చదవడం నాకు నేర్పింది ఆయనే.

“ముందుగాల ఎలుగు సూడాలె బిడ్డా. ఎలుగు ఏ దిక్కుకెల్లి వస్తున్నదో ఎరుకైతే యాళ ఎంతైందో బొమ్మనే చెప్తది.”

నీడ పొడుగుంటే ఏమిటి, పొట్టిగా ఉంటే ఏమిటి, నీడలో నీలం కలిస్తే ఏమిటి, పసుపు కలిస్తే ఏమిటి, అన్నీ నూరిపోశాడు. నేను ఇంటికొచ్చి క్యాలెండరు బొమ్మల్లో దేవుళ్లకి ఎండ ఎటునుంచి పడుతోందో చెప్పి, ఒకే బొమ్మలో ఇద్దరు దేవుళ్లకి ఇద్దరు సూర్యులున్నారని నాయనమ్మతో తిట్లు తిన్నాను. నాన్న మాత్రం మురిసిపోయి, వచ్చినవాళ్లందరి ముందూ నన్ను పిలిచి బొమ్మలు చదివించేవాడు.

ఆ ఏడాది దీపావళి పొద్దున అరిసెల పాకం వాసనలో ఇల్లు మునిగి ఉండగా యాదగిరి మామ ఉతికిన చొక్కా వేసుకుని, న్యూస్‌పేపరు చుట్టిన పెద్ద పలకతో వచ్చాడు. నాన్న తనకి ఏడాదంతా పని ఇప్పించినందుకు బహుమానమట. కాగితం విప్పేదాకా ఉండమన్నా ఉండలేదు. సిగ్గుపడి, రెండు అరిసెలు జేబురుమాల్లో చుట్టుకుని వెళ్లిపోయాడు.

విప్పితే విమలత్త.

మా పైగది. వెనక గోడకి మధ్యలో అల్మరా. దాని ముందు కుర్చీలో అత్త, ముఖం కాస్త కిటికీ వైపు తిప్పి. ఎడమవైపునుంచి చిక్కటి బంగారపు వెలుతురు వచ్చి ఒక చెంపమీద, భుజంమీద, ఒళ్లో వదిలేసిన చేతులమీద పడుతోంది. మిగిలిన గదంతా గోధుమరంగు చీకటి. ఆ చీకట్లో కుర్చీ కాళ్లు కూడా సరిగ్గా కనబడవు, ఆమె ఆ వెలుతురు అంచున తేలుతున్నట్టుంటుంది. పెదాలు కొంచెం విడి ఉన్నాయి, ఇప్పుడే ఏదో అని ఆపినట్టు, లేదా ఎవరో చెప్తున్నది వింటున్నట్టు. కిటికీ అరుగు మీద రెండు గ్లాసులు.

రెండు. నాయనమ్మ చూపు మొదట అక్కడే ఆగింది. తర్వాత భుజం మీదికి వెళ్లింది.

“పైట చూశావా, కుడి భుజం మీద! మనిళ్లలో ఎవరు వేస్తారే అలాగ? కంగారులో చుట్టుకున్నట్టు లేదూ?” అంది అమ్మతో.

అత్త అప్పుడు కింద పెరట్లో దివ్వెలకి వత్తులు చేస్తోంది. నాన్న బొమ్మని గోడకి ఆనించి, రెండడుగులు వెనక్కి వేసి, చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

“ఏమ్మా, ఇది పొద్దుటి వెలుతురా, సాయంత్రానిదా?”

నేను పొంగిపోయాను. పెద్దవాళ్లందరూ నా నోటివైపు చూస్తున్నారు. పైగదిలో అల్మరా ఉన్నది ఉత్తరపు గోడ. దానికేసి నిలబడితే ఎడమచేతివైపు పడమటి కిటికీ, కుడిచేతివైపు తూర్పు కిటికీ. రంగు చూస్తే పసుపులో ఎరుపు. నేను యాదగిరి మామలాగే తల పక్కకి వాల్చి, ఒక కన్ను మూసి, తీర్పు చెప్పాను.

“సాయంత్రం నాన్నా. అయిదూ అయిదున్నరా. పడమటి కిటికీ.”

“పసిపిల్ల అబద్ధమాడదు,” అంది నాయనమ్మ.

ఆ మాటతో ఏం ముడి పడిందో నాకు తర్వాత తెలిసింది. ఆ నెలంతా అత్త మధ్యాహ్నం రెండింటికి డబ్బింగుకి వెళ్లి ఎనిమిది దాటాక వచ్చేది. దసరా తొమ్మిది రోజులూ సాయంత్రాలు అమ్మ, నాయనమ్మ, నేను బొమ్మలకొలువు పేరంటాలకి పోయాం, ఇంటికి తాళం. రెండో తాళంచెవి అత్తదగ్గర. మరి సాయంత్రం వెలుతుర్లో, పైగదిలో, రెండు గ్లాసులతో ఆమె ఎవరి ఎదుట కూర్చుంది? గీసినవాడి ఎదుట కాక ఇంకెవరి ఎదుట? వాదన ఎంత అందంగా కుదిరిందో చూడండి. దిక్కు ఉంది, వేళ ఉంది, గ్లాసుల లెక్క ఉంది, సాక్షి ఉంది. మూఢనమ్మకం ఎప్పుడూ తెలివితక్కువగా రాదు, బోలెడు తర్కం కట్టుకుని వస్తుంది. అడగాల్సిన ఒక్క ప్రశ్నని మాత్రం అడగనివ్వదు.

ఆ బొమ్మ ఎప్పుడు గీశావని యాదగిరి మామని అడగొచ్చు. ఆ తొమ్మిది రోజులూ చెల్లెలు వచ్చిందా అని డబ్బింగు థియేటర్లో కనుక్కోవచ్చు. పైగదికి వెళ్లి అత్తనే అడగొచ్చు. నాన్న ఈ మూడింట్లో ఏదీ చెయ్యలేదు. అడిగితే పరువు పోతుందన్నాడు అమ్మతో. అడక్కుండా శిక్ష వేస్తే పోని పరువు, అడిగితే పోతుందట.

దీపావళి తర్వాత నాలుగోరోజు నాన్న థియేటర్‌కి ఫోను చేసి చెల్లెలికి ఒంట్లో బాగాలేదని, ఇక రాదని చెప్పాడు. అత్త అప్పటికి ఒక పెద్ద సినిమా సగం చెప్పి ఉంది. ఆమె గొంతుకి మొట్టమొదటి పెద్ద సినిమా, మూడు గంటలూ హీరోయినే. ఆ సాయంత్రం నేను మెట్లమీద కూర్చుని ఉన్నాను. పైన మాటలు వినబడ్డాయి.

“ఎందుకొద్దో చెప్పన్నయ్యా.”

“నీకు తెలుసు.”

“తెలియదు. తెలిస్తే అడగను కదా.”

నాన్న దిగి వచ్చేశాడు, నా పక్కనుంచే, నన్ను చూడకుండా. అన్ని గొంతులున్న మనిషి ఒక్క గొంతుతోనూ మాట్లాడకుండా ఉంటే ఆ గది ఎలా ఉంటుందో తలుపు సందులోంచి చూశాను. కుర్చీలో కూర్చుని ఉంది, కిటికీవైపు తిరిగి. అచ్చం బొమ్మలోలాగే ఉంది. చూశావా, నేను సరిగ్గానే చెప్పానని అనుకున్నాను. ఆ క్షణానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు.

పది రోజుల్లో అత్త ట్రంకుపెట్టెతో వెంగళరావు నగర్ వెళ్లిపోయింది, ఒక టీచరమ్మతో కలిసి గది తీసుకుని, అక్కడే చిన్న పిల్లల బడిలో చేరింది. వెళ్లేముందు నాకు జడ వేసింది. గొంతులు వినిపించమంటే, ఇవాళ వద్దులే అంది. యాదగిరి మామకి మా కంపెనీ నుంచి కబురు రావడం ఆగిపోయింది. ఎందుకో ఆయనకీ ఎవరూ చెప్పలేదు. బొమ్మ ముఖం గోడవైపు తిప్పి అటక ఎక్కించారు.

నేను డిగ్రీ మూడో ఏట ఉండగా ఆ ఇల్లు ఖాళీ చేశాం. అప్పటికి నాయనమ్మ లేదు. నేను కాలేజీలో వాదోపవాదాల పోటీలకి వెళ్తున్నాను, తాయెత్తులు కట్టే స్వాములని సాక్ష్యమేదని నిలదీస్తున్నాను, చప్పట్లు కొట్టించుకుంటున్నాను. అటక దులుపుతుంటే బొమ్మ చేతికొచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత పట్టపగలు, పెరట్లో పెట్టి చూశాను. నాయనమ్మ తిట్టిన ఆ పైట, కుడి భుజం మీద. చేతి గడియారం కుడి మణికట్టుకి. అత్త కుడిచేత్తో రాస్తుంది, గడియారం ఎప్పుడూ ఎడమచేతికే. మనిషి కంగారులో పైట తప్పు వేసుకోవచ్చు. గడియారం కూడా అటే మారుతుందా?

తిరగేసిన ఫిలిం ముక్క. ఎడమచేత్తో కత్తి దూసే హీరో. చిన్నప్పుడు దుప్పటి గదిలో పొట్ట పట్టుకుని నవ్విన నేను, అదే సంగతి నా అత్త భుజం మీద కనబడితే గుర్తుపట్టలేదు.

బొమ్మ చంకలో పెట్టుకుని బస్సెక్కి రహమత్‌నగర్ వెళ్లాను. యాదగిరి మామ సందు చివర షట్టర్లకి పేర్లు రాసుకుంటున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను పోల్చుకుని, కుర్చీ తుడిచి, కూతురితో చాయ్ పెట్టించాడు. బొమ్మని చూసి చిన్నబోయాడు.

“బొమ్మ మంచిగ కుదరలే, సారుకు కోపమొచ్చిందనుకున్న. గందుకే పని బంజేసిండ్రని. మల్ల మనిషిని గీయలే నేను.”

దేన్ని చూసి గీశావంటే, లోపలికెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చాడు. అడుగున ముడతలు పడ్డ నలుపు తెలుపు ఫోటో. ఫోటోలు కడిగే గది బయట పారేసిన వాటిలో దొరికిందట. నాకప్పుడు గుర్తొచ్చింది: ఆ ఎండాకాలం ఒక పొద్దున నాన్నని కలవడానికి వచ్చిన, సినిమా స్టిల్స్ తీసే ఆయన, రీలులో మిగిలిన నాలుగు బొమ్మలూ అయిపోతే కడగడానికి ఇచ్చేస్తానంటూ, ఇల్లంతా తిరిగి కనబడినవాళ్లందరినీ తీశాడు. కడిగేవాడెవడో నెగెటివుని తిరగేసి పెట్టాడు. తప్పు కనబడి, ఆ ప్రింటుని అవతల పడేశాడు. ఫోటోలో అల్మరా తలుపుకి క్యాలెండరు వేలాడుతోంది. బొమ్మలో అది లేదు.

“అంకెలు ఉల్టా ఉండె బిడ్డా, నాకేం సమజ్ గాలే. తీసేసిన.”

“మరి ఈ బంగారు రంగు?”

“ఫోటోల రంగేడిది? నేనే ఏసిన. మీ అత్తమ్మ మొగానికి గా రంగైతే మంచిగుంటదనిపిచ్చింది.”

ఫోటోలో ఇంకొకటి కూడా ఉంది. అత్త కుర్చీ పక్కన, అంచున, గౌను కిందనుంచి ఒక పిల్ల మోకాలు, సగం జడ. నేనే. నా పాలగ్లాసే అరుగు మీద రెండోది. ఆమె పెదాలు విడి ఉన్నది నాకు దూడ గొంతు వినిపిస్తూ. మరి నన్నెందుకు వదిలేశావని అడిగాను. మనిషి ఒక్కతే ఉంటే బొమ్మకి నిండుదనం వస్తుందని తీసేశాడట. ఆ ఒంటరితనం, మా ఇంటిల్లిపాదీ చూసి వణికిపోయిన ఆ ఒంటరితనం, ఒక కళాకారుడి సరదా. ఆయనకి ఆ సరదా పడే హక్కు ఉంది. దాన్ని పోలీసు రిపోర్టులా చదివే హక్కు మాకు ఎవరిచ్చారు?

నాన్నకి చెప్పాను. ఫోటోని కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని చూశాడు. ఇప్పుడవన్నీ ఎందుకమ్మా అన్నాడు. ఆ రాత్రి భోజనం మాత్రం చెయ్యలేదు.

మర్నాడు వెంగళరావు నగర్ వెళ్లాను. అత్త పిల్లల కాపీ పుస్తకాలు దిద్దుతోంది. నేను గెలిచినదానిలా ఫోటో బల్లమీద పెట్టి, పైట చూపించి, గడియారం చూపించి, బొమ్మ తిరగబడింది కాబట్టి ఆ వెలుతురు తూర్పు కిటికీది అని నిరూపించాను. పొద్దుటిపూట అత్తా, నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు అన్నాను. ఆమె ఆ ఫోటోని దూరంగా, దగ్గరగా పెట్టి చూసింది. నా మోకాలి మీద వేలుంచి కాస్త నవ్వింది కూడా. తర్వాత ఎర్రపెన్ను మూత పెట్టి అడిగింది.

“సాయంత్రమే అయ్యుంటే?”

నేను ఫోటోని మళ్లీ ఆమె వైపు జరిపాను.

“సాయంత్రమే అయ్యుండి, ఆ రెండో గ్లాసు ఎవరిదో అయ్యుంటే, నా పని ఊడబెరకడం న్యాయమేనా? నా గొంతు నాది. నా సాయంత్రం నాది. నన్నొక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని. లేకపోతే నీకెందుకనేదాన్ని. నువ్వూ అడగలేదు కదే. ఫోటో దొరికాకే వచ్చావు.”

నేను ఆమె నిర్దోషి అని నిరూపించడానికి వెళ్లాను. అంటే విచారణ జరగడం సబబేనని ఒప్పుకునే వెళ్లాను. నాయనమ్మ కోర్టులోనే నేనూ నిలబడి, తీర్పు మాత్రం మార్చమన్నాను.

మళ్లీ డబ్బింగు చెప్తావా అత్తా అంటే, ఎనిమిదేళ్లు పిల్లలమీద అరిచిన గొంతు ఇది అని కాపీల కట్ట దగ్గరికి లాక్కుంది.

ఇప్పుడు ఆ కొండ మీద బండలు లేవు. బండలున్న చోట అద్దాల భవనాలు. సీనరీ తెరల షెడ్డు పోయింది, అక్కడ ఆకుపచ్చ గుడ్డ ముందు నటిస్తున్నారు. కొండలూ మబ్బులూ కంప్యూటర్లో వస్తాయి, వాటికి బంక వాసన ఉండదు. డబ్బింగు థియేటర్ ఉన్న చోట కాఫీ అమ్ముతున్నారు. సీతాఫలాలు ఊరి బయటినుంచి బుట్టల్లో వస్తాయి. అత్త సగం చెప్పిన ఆ సినిమా మాత్రం మధ్యాహ్నాలు టీవీలో ఇంకా వస్తుంటుంది. విరామం దాకా హీరోయిన్‌ది మా అత్త గొంతు. విరామం తర్వాత వేరే గొంతు. విడుదల తేదీ ముంచుకొచ్చి, మొదటి సగం మళ్లీ చెప్పించలేదట. చూసేవాళ్లెవరికీ తేడా తెలియదు. నేను విరామం దగ్గర టీవీ కట్టేస్తాను.

ఇది చదువుతున్న మీకు ఒకటే చెప్తాను. మీ ఇంట్లోనూ ఒక మనిషి ఉంది. ఆలస్యంగా వచ్చిందనో, ఫోనులో నవ్విందనో, ఒక ఫోటోలో ఒంటరిగా కనబడిందనో, మీరు ఆమె మీద ఎప్పుడో తీర్పు రాసి మడిచి పెట్టుకున్నారు. ఎవరో మీకు ఇప్పుడే గుర్తొచ్చారు. ఈ పుస్తకం పక్కన పెట్టండి. ఎవరినీ సాక్ష్యానికి పిలవకండి, పిల్లల్ని అసలే పిలవకండి. లేచి ఆమె దగ్గరికే వెళ్లి అడగండి. ‘నీకెందుకు’ అంటే, అదే జవాబని తీసుకుని, ఆమె పని ఆమెని చేసుకోనిచ్చి, తిరిగి రండి. ఈరోజే వెళ్లండి.